ఐసెన్‌హోవర్ అన్న ‘థెఫ్ట్’కి తెలుగులో ఏ మాట?

గోదారిగట్టు:
ఒక అనువాదంలో నాలుగు రోజులుగా ఒకే మాట దగ్గర కూర్చున్నాను. 1953 ఏప్రిల్ 16న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వాషింగ్టన్‌లో పత్రికా సంపాదకుల ముందు చేసిన ప్రసంగం అది. స్టాలిన్ పోయి నెలన్నర కూడా కాలేదు, కొరియాలో యుద్ధం ఇంకా నడుస్తోంది. నా తెలుగులో ఇలా వచ్చింది:

“తయారయ్యే ప్రతి తుపాకీ, నీళ్ళలోకి దింపే ప్రతి యుద్ధనౌక, వదిలే ప్రతి రాకెట్టూ, చివరికి చూస్తే, ఆకలేసి తిండి లేనివాళ్ళ దగ్గర, చలేసి బట్ట లేనివాళ్ళ దగ్గర చేసిన దొంగతనమే.”

ఆ చివరి మాటే ఇబ్బంది. దొంగతనం అంటే మా ఆవిడ “ఎవరో కోడిని ఎత్తుకుపోయినట్టుంది” అంది. చౌర్యం అంటే పద్యనాటకంలా ఉంది. అపహరణ అంటే కిడ్నాప్ గుర్తొస్తుంది. దోపిడీ అంటే ఎర్రజెండా కనిపిస్తుంది, ఆయనేమో సైన్యాధిపతిగా చేసి వచ్చిన మనిషి. ఏం పెట్టమంటారు?

పాత పంతులు:
దొంగతనమే ఉంచండి, కోడి సంగతి తర్వాత. ఆ మాటలో ఒక మెలిక ఉంది. దొంగతనం కావాలంటే సొత్తు ఎదుటివాడిదై ఉండాలి. నా డబ్బుతో నేను తుపాకీ కొనుక్కుంటే దుబారా అనండి, మూర్ఖత్వం అనండి, దొంగతనం అనలేరు. ఆయన ఆ మాట అన్నాడంటే ఆ డబ్బు మీద ఆకలిగొన్నవాడికి హక్కుందని ఒప్పుకున్నట్టే.

ఇది మనకు కొత్త కాదు. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన శ్లోకం ఉంది:

యావద్భ్రియేత జఠరం తావత్ స్వత్వం హి దేహినామ్
అధికం యోఽభిమన్యేత స స్తేనో దండమర్హతి

పొట్ట నిండేంతవరకే మనిషికి హక్కు, అంతకు మించింది నాదే అనుకున్నవాడు దొంగ, శిక్షార్హుడు. ‘స్తేన’ అంటే అచ్చంగా దొంగే, ఇంకో అర్థం లేదు. గృహస్థ ధర్మాల్లో వచ్చే మాటే అయినా వింటున్నవాడు రాజు, సైన్యం ఉన్నవాడు. నాకెప్పుడూ అది గమ్మత్తుగా ఉంటుంది.

మాజీ జవాను:
పంతులు గారూ, నమస్కారం. నేను ఫౌజులో చేసి వచ్చినవాణ్ణి కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, పర్లేదు. 1962 చైనా యుద్ధంలో మన జవాన్లను నూలు బట్టలతో, మంచుకు పనికిరాని బూట్లతో ఈశాన్య సరిహద్దులో నామ్కాచూ వాగు దాకా పంపారు. “చలేసి బట్ట లేనివాళ్ళ” లెక్కలో ఆ కుర్రాళ్ళు రారా? ఆ కోట్లకు డబ్బు పెట్టి ఉంటే దాన్ని దొంగతనం అనేవారా? ఊళ్ళో తలారికి జీతం ఇచ్చేవాళ్ళం, అది ఎవరి నోటి దగ్గర కూడూ కాదు. తలారికి ఇచ్చేదాన్నీ, ఊరి పెద్ద పక్కూరి వాళ్ళను బెదిరించడానికి పెంచుకునే కర్రలవాళ్ళకిచ్చేదాన్నీ ‘రక్షణ వ్యయం’ అనే ఒకే మాట కింద కట్టేశాం. నా గొడవ ఆ మాటతోనే. అమెరికాలో 1947 దాకా సైన్యాన్ని చూసే శాఖ పేరు యుద్ధ శాఖ. కనీసం ఆ పేరులో దాపరికం లేదు.

పాలమూరు అక్క:
జవాను అన్న చెప్పింది సబబే. కానీ పంతులు గారి మాట ఇంకో అడుగు వేస్తే ఏమవుతుందో చూడండి. తుపాకీకి పెట్టింది దొంగతనమైతే ‘విదేశీ సాయం’ అనే మాట తప్పయిపోతుంది. ఎత్తుకుపోయిన చెంబు తిరిగి తెచ్చిచ్చినవాణ్ణి సాయం చేశాడంటామా?

పైగా సాయం అంటే మనకు ధర్మం చెయ్యడం కాదు. సంస్కృతంలో ‘సహాయుడు’ అంటే వెంట నడిచేవాడు, తోడు. అర్జునుడూ దుర్యోధనుడూ ఒకేరోజు ద్వారకకు పోయి అడిగింది సాయమే, అదీ యుద్ధానికి! ఇప్పటికీ ‘సైనిక సాయం’ అంటున్నాం. ఫిరంగి పంపినా సాయమే, పాలపొడి పంపినా సాయమే.

పాలపొడి అంటే గుర్తొచ్చింది. మా అమ్మ బడిలో గోధుమ నూక ఉప్మా తినేది, అమెరికా నుంచి వచ్చిందని చెప్పేది. దాని వెనక ఉన్న పీఎల్ 480 మీద, అంటే అమెరికా మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకు పంపే చట్టం మీద, 1954లో సంతకం పెట్టింది ఈ ఐసెన్‌హోవరే. ఆ గోధుమల్లో ఎక్కువ భాగం ఉచితం కాదు, రూపాయలకు అమ్మారు. ఆ రూపాయి బాకీ కొండలా పెరిగి, 1974లో అందులో పెద్ద భాగం వాళ్ళే వదులుకున్నారు. గోధుమలతోపాటే వయ్యారిభామ కూడా దిగిందని ఊళ్ళల్లో అంటారు, ఆ కలుపు మాత్రం ఎవరూ వదులుకోలేదు.

పాత పంతులు:
అమ్మా, దానికి ఒక తోక. 1965, 66 కరువు రోజుల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోమన్నాడు, వియత్నాం మీద మనం నోరెత్తడం కూడా ఆయనకు నచ్చలేదు. దాన్ని వాళ్ళ భాషలో ‘షార్ట్ టెదర్’ అన్నారు. అనువాదానికి ఆలోచించాల్సిన పనే లేదు: పొట్టి పలుపు. గేదెకు గడ్డి అందీ అందనట్టు కడతామే, అదే. కాబట్టి తుపాకీ పాపం, సాయం పుణ్యం అని రెండు మూటలు కట్టకండి.

మాజీ జవాను:
మూటలు కట్టొద్దు గానీ తూచి చూడొచ్చుగా. 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టింది సుమారు 2,71,800 కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. ధనిక దేశాల అధికారిక సాయం ఆ ఏడాది 21,200 కోట్ల దగ్గర ఆగింది. ఒకటి అన్ని దేశాలదీ, ఇంకొకటి కొన్ని దేశాలదే, సూటిగా పోల్చకూడదని తెలుసు. అయినా టెన్షన్ పెట్టే తేడా. జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని 1970లోనే ఐరాస సభలో అనుకున్నారు. బ్రిటన్ దాన్ని 2015లో చట్టం చేసుకుని, 2021లో 0.5కి దించింది. 2025 ఫిబ్రవరిలో అయితే, 2027కల్లా 0.3 చేసి ఆ మిగులు సైన్యానికి పెడతామని ప్రధాని స్టార్మరే చెప్పాడు. విదేశీ సాయం చూసే మంత్రి డాడ్స్ రాజీనామా చేసింది. అక్క అడిగిన చెంబు ఎటు నుంచి ఎటు పోయిందో ఇక్కడ కంటికి కనిపిస్తోంది. నేను తలారి పక్షమే, కానీ దీన్ని మాత్రం దొంగతనం అనడానికి నాకు అభ్యంతరం లేదు.

గోదారిగట్టు:
‘నోటికాడ కూడు లాక్కోవడం’ అని మార్చేద్దామనుకున్నాను, పలుకుబడి బాగుంటుందని. కానీ అందులో జాలి ఎక్కువ, నేరం తక్కువ. దొంగతనమే ఉంచేస్తున్నాను.

ఇంకో చిక్కు. ఒక్క యుద్ధవిమానానికి 5 లక్షల బుషెళ్ళ గోధుమలు పోస్తున్నాం అంటాడు ఆ ప్రసంగంలోనే. గోధుమల బుషెల్ సుమారు 27.2 కిలోలు. మొత్తం 13,600 టన్నులు. బుషెల్ అనే రాయనా, బస్తాల్లోకి మార్చనా?

పాలమూరు అక్క:
బస్తాలే. కింద కిలోలు వెయ్యండి, మా దగ్గర బస్తా ఒకటి, మీ దగ్గర ఒకటి.