ఒక్కరోజు స్నోషూ నడకకి కూడా బీకన్, ప్రోబ్, పార మోయాలా?

మంచుదారి: ఎల్లుండి ఐదుగురం స్నోషూలు (మంచులో కాళ్లు కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి పట్టీలు) వేసుకుని కొండకి వెళ్తున్నాం. చాలావరకు అడవి దారి, పైన ఒక కనుమ దాకా ఎక్కి చీకటి పడేలోపు దిగిపోవాలని ప్లాన్. ఇద్దరు కొత్తవాళ్లు. మంచు చరియ కింద ఎవరైనా కూరుకుపోతే వెతికి తీయడానికి మనిషికో బీకన్ సెట్టు (సిగ్నల్ పంపే, పట్టుకునే బీకన్, మంచులో గుచ్చి చూసే ప్రోబ్ కడ్డీ, పార) అద్దెకి తీసుకోవాలా, ఇంత తేలిక దారికి అనవసరమా?

కొండగాలి: అనవసరం. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మీ దారి అంతకంటే తక్కువైతే ఆ బరువుకి బదులు ఇంకో జత గ్లవుజులు, హెడ్‌ల్యాంప్, ఫ్లాస్కులో వేడి నీళ్లు పెట్టుకోండి. తేలిక దారిలో మనుషుల్ని పడేసేది చలీ చీకటీ. కాటన్ బట్టలు మాత్రం వద్దు, చెమటకి తడిస్తే ఆగిన క్షణం నుంచి వణుకే.

హిమజ: మీ కాళ్ల కింద వాలు తక్కువుంటే సరిపోదండీ, తల పైన ఏముందో చూడాలి. పైనెక్కడో 35 డిగ్రీల వాలు విరిగితే ఆ మంచంతా కింద చదునుగా ఉన్న దారి మీదకే వస్తుంది. కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, అరగంట దాటితే బాగా పడిపోతుంది. రెస్క్యూ వాళ్లు అంతలో రాలేరు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. పార లేకుండా దేనితో తవ్వుతారు? చరియ కింద మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది.

చిన్నడుగు: ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసుకుంటే చాలదా?

హిమజ: చాలదు. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఫోన్ ఆ పని చేయలేదు. పైగా ఫోన్ దగ్గరుంటే బీకన్‌కి అడ్డం. మామూలుగా నడిచేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలి.

కొండగాలి: నేను చెప్పింది వాలు గురించి, మీరు ఫోన్ల దాకా వెళ్లారు. పైన కూడా వాలు లేని దారి అయితే? మ్యాప్‌లో ఎత్తుల్ని చూపించే కాంటూర్ గీతలు చూస్తే తెలిసిపోతుంది. బీకన్ ఉందన్న ధైర్యంతో వెళ్లకూడని చోటికి వెళ్లినవాళ్లని చూశాను. అది చరియని ఆపదు.

పాతబూట్లు: మధ్యలో ఒక మాట. కొత్త మంచులో ముందు నడిచేవాడికి శ్రమ చాలా ఎక్కువ, వంతులు మార్చుకోండి.

హిమజ: కొండగాలి గారూ, పోయిన శీతాకాలం ఒక గుంపుతో వెళ్లాను. దారి చూపించే ఆయన కూడా అచ్చం ఇలాగే "వాలు తక్కువే" అంటూ నడిపించాడు. చెట్లు దాటాక చూస్తే రాత్రంతా వీచిన గాలి మంచుని ఒకవైపే పోగేసింది, అడుగు వేస్తే లోపల ఏదో కుంగినట్టు "వుఫ్" మని చప్పుడు. కింద పొర కూలుతోందనడానికి అంతకంటే గుర్తేం కావాలి? వెనక్కి పోదాం అన్నాను. "ఇంకో అరగంటేగా, భయమైతే ఇక్కడే ఉండండి" అని నన్ను ఒక్కదాన్నే వదిలేసి పైకి వెళ్లారు.

కొండగాలి: బాధాకరమే. కానీ దానికీ బీకన్‌కీ సంబంధం ఏంటి? ఆ రోజు మీ గుంపు దగ్గర బీకన్లు లేవా?

హిమజ: ఉన్నాయి. అందరి దగ్గరా ఉన్నాయి.

కొండగాలి: మరి నేను చెప్తున్నదీ అదే కదా!

హిమజ: కాదు. "మీ దారి వాలు ఇంత, కాబట్టి అనవసరం" అని మీరు ఒక్కరే తేల్చేశారు. వెళ్లే ఐదుగురిలో ఇద్దరు కొత్తవాళ్లు, వాళ్లకి అనుమానం వస్తే నోరు తెరుస్తారా? ముందుకు వెళ్లాలంటే అందరూ ఒప్పుకోవాలి, వెనక్కి రావాలంటే ఒక్కరు అంటే చాలు. నా గొడవ దాని గురించి.

కొండగాలి: ఒప్పుకోను. చలి పుట్టిన ప్రతివాడూ వెనక్కి అంటే ఏ కొండా ఎక్కలేం. కొండ మీద నిలబడి చర్చ పెట్టుకుంటే ఒళ్లు గడ్డకడుతుంది, ఒకరు నిర్ణయించాలి, మిగతావాళ్లు వినాలి. తెలిసినవాడి మాటా తెలియనివాడి మాటా ఒకటెలా అవుతుంది?

హిమజ: ఆ చప్పుడు విన్నది నేను. ఆయన అప్పటికే ముందుకెళ్లిపోయాడు.

చిన్నడుగు: ఇద్దరూ కాస్త తగ్గండి, అడిగినాయన ఎక్కడ?

మంచుదారి: ఇక్కడే ఉన్నాను. చరియల ప్రమాదం మీద ఇచ్చే బులెటిన్ చూశాను, ఐదు స్థాయిల్లో మూడు అని ఉంది. మ్యాప్ మళ్లీ చూస్తే కనుమకి ముందు దారి ఒక నిటారు వాలు కిందుగా పోతోంది. కనుమ మానేస్తున్నాం, అడవిలోనే తిరిగి వస్తాం. సెట్లు కూడా తీసుకుంటున్నాం, రేపు ఒక బీకన్‌ని మంచులో పాతిపెట్టి కొత్తవాళ్లతో వెతికిస్తాను.

కొండగాలి: పైన వాలు లేని అడవిలోనే అయితే సెట్లెందుకు?

హిమజ: మూడు అంటే మధ్యస్థం అనుకుని చాలామంది వెళ్లిపోతారు, చాలా మరణాలు ఆ స్థాయిలోనే జరుగుతాయి. మానేసి మంచి పని చేశారు. వెనక్కి తిరగడం గురించి ఐదుగురూ మాట్లాడుకున్నారా?

మంచుదారి: ఇవాళ రాత్రి మాట్లాడుకుంటాం.

కొండగాలి: టైము కూడా పెట్టుకోండి. ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణుంచే వెనక్కి. దాని మీద మళ్లీ ఎవర్నీ అడగొద్దు.