వైట్ స్ట్రైప్స్ తొలి ఆల్బమ్: మిసిసిపీ బ్లూసా, డెట్రాయిట్ రాకా?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన రాక్ జంట ద వైట్ స్ట్రైప్స్ 1999లో తమ పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బమ్‌ను ఈ మధ్య శ్రద్ధగా వింటున్నాను. జాక్ వైట్ గిటార్ వాయిస్తూ పాడతాడు, మెగ్ వైట్ డ్రమ్స్ వాయిస్తుంది. బాస్ గిటార్ అసలే లేదు. 17 పాటల ఈ ఆల్బమ్‌ను మిసిసిపీ బ్లూస్ (అమెరికా దక్షిణాది నల్లజాతివారి పాటల సంప్రదాయం) గాయకుడు సన్ హౌస్‌కు అంకితమిచ్చారు. అయితే నాకు ఇందులో పాత బ్లూస్ కంటే స్టూజెస్, ఎంసీ5 వంటి డెట్రాయిట్ బృందాల హోరే ఎక్కువగా వినిపిస్తోంది. బ్లూస్ ప్రభావం ఈ పాటల నిర్మాణంలోనే ఉందా, లేక అంకితం వరకేనా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
నిర్మాణంలోనే ఉందని నా గట్టి అభిప్రాయం. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1937లో రికార్డు చేసిన ‘స్టాప్ బ్రేకింగ్ డౌన్’ను వీరు మళ్లీ పాడారు, ‘కానన్’ పాటలోకి సన్ హౌస్ గొంతులో ప్రసిద్ధమైన ‘జాన్ ద రెవెలేటర్’ను తెచ్చి కలిపారు. అంతకంటే ముఖ్యమైన ఆధారం ఈ ఆల్బమ్ బయట ఉంది. సన్ హౌస్ 1965లో ‘గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్’ అనే పాటను ఏ వాద్యమూ లేకుండా, కేవలం చప్పట్లు కొడుతూ పాడాడు. ఆ చప్పట్లు కొన్నిచోట్ల లయ తప్పుతాయి కూడా, అయినా పాట పట్టు సడలదు. తనకు అన్నిటికంటే ఇష్టమైన పాట అదేనని జాక్ ఒక డాక్యుమెంటరీలో చెప్పాడు. గొంతు, ఒక దెబ్బ ఉంటే పాటకు చాలునన్న నమ్మకం అక్కడి నుంచి వచ్చిందే.

సమాధానం 2:
పై మిత్రుని మాటను గౌరవిస్తూనే, డెట్రాయిట్‌ను పక్కన పెట్టలేమని మనవి చేస్తున్నాను. బాస్ లేకుండా రెండు గిటార్లు, డ్రమ్స్‌తోనే వాయించిన గోరీస్ బృందం 1980లలో ఆ ఊళ్లోనే పుట్టింది. జాక్ మెచ్చుకున్న ఫ్లాట్ డ్యుయో జెట్స్ వేరే ఊరివారైనా, గిటార్, డ్రమ్స్ మాత్రమే ఉన్న జంటే. ఈ ఆల్బమ్‌ను రికార్డు చేసిన గెటో రికార్డర్స్ స్టూడియో డెట్రాయిట్‌ది. రెండు పాటల్లో స్లైడ్ గిటార్ (తీగలపై గొట్టాన్ని జార్చుతూ వాయించే పద్ధతి) వాయించిన జానీ వాకర్ కూడా ఆ గరాజ్ రాక్ (మెరుగులు దిద్దని మొరటు రాక్) వర్గంలోని సోలెడాడ్ బ్రదర్స్ బృందం వాడే. ‘ద బిగ్ త్రీ కిల్డ్ మై బేబీ’ అయితే నేరుగా అక్కడి మూడు పెద్ద కార్ల కంపెనీలపై ఎక్కుపెట్టిన పాట.

సమాధానం 3:
ఈ రెండు దారులనూ విడదీయనక్కరలేదు, ఎందుకంటే బ్లూస్ డెట్రాయిట్‌కు పరాయిది కాదు. దక్షిణాది నుంచి కార్ల కర్మాగారాల్లో పనికోసం వేలాది నల్లజాతి కుటుంబాలు తరలివచ్చినప్పుడు వారితోపాటు ఆ పాటా వచ్చింది. మిసిసిపీలో పుట్టిన జాన్ లీ హుకర్ 1948లో డెట్రాయిట్‌లోనే ‘బూగీ చిల్లెన్’ రికార్డు చేశాడు: ఒక ఎలక్ట్రిక్ గిటార్, ఒక గొంతు, నేలను తన్నే పాదం చప్పుడు, అంతే. సన్ హౌస్ సైతం చివరి సంవత్సరాలు అదే నగరంలో గడిపి 1988లో అక్కడే కన్నుమూశాడు.

మెగ్ వాయింపును చాలామంది చేతకానితనంగా కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది. హుకర్ పాదం చేసిన పనినే ఆమె డ్రమ్స్ చేస్తున్నాయి. అలంకారాలు లేని ఆ దెబ్బల వల్లే జాక్ గిటార్‌కు ఆగడానికి, ఉన్నట్టుండి విరుచుకుపడడానికి చోటు దొరుకుతోంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. హుకర్ పాట విన్న తరువాత మెగ్ వాయింపు నాకు కొత్తగా వినిపిస్తోంది. మరి ఈ ఆల్బమ్‌లో వీరు మళ్లీ పాడిన బాబ్ డిలన్ 1976 నాటి పాట ‘వన్ మోర్ కప్ ఆఫ్ కాఫీ’ ఈ వరుసలో ఎక్కడ ఇముడుతుంది?

సమాధానం 1:
అది బ్లూస్ కాదు, జానపద ధోరణిలోని పాట. డిలన్ రికార్డింగులో కీలకమైన వయొలిన్ ఇక్కడ లేదు. ఉన్నవాటితోనే ఆ దిగులును నిలబెట్టారు కాబట్టి, పాట వేరే చోటి నుంచి వచ్చినా వాయించిన తీరు మాత్రం మిగతా ఆల్బమ్‌దే.