రెటినాల్ సీరమ్ వాడుతుండగా ప్రెగ్నెన్సీ తెలిసింది: ఏవి ఆపాలి, ఏవి వాడుకోవచ్చు?

ప్రశ్న

నాకిప్పుడు తొమ్మిదో వారం, మొదటి కాన్పు. ప్రెగ్నెన్సీ అని తెలిసే వరకూ రోజూ రాత్రి ముఖానికి రెటినాల్ సీరమ్ రాసుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు అది వాడకూడదని మొన్న చదివాను. వెంటనే ఆపేశాను గానీ, అప్పటి నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. బిడ్డకేమైనా అయిందేమోనని ఒకటే టెన్షన్.

దానికి తోడు గడ్డం చుట్టూ ఎప్పుడూ లేనన్ని మొటిమలు, బుగ్గల మీద గోధుమ రంగు మచ్చలు. నా దగ్గర 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్, ఒక నైట్ క్రీమ్, సన్‌స్క్రీన్ ఉన్నాయి. మచ్చలు పోతాయని తెలిసినావిడ ఒక క్రీమ్ డబ్బా ఇచ్చారు. అంతా నేచురలే అన్నారు కానీ డబ్బా మీద లేబుల్ లేదు. వీటిలో ఏవి ఉంచుకోవాలి? డాక్టర్ని కలవడానికి ఇంకా పది రోజులు టైముంది.

జవాబు (ఐదో నెల గర్భిణి)

మీ భయం నాకు బాగా అర్థమవుతుంది. నేనైతే అన్నీ పక్కన పెట్టేసి ఒక్క మాయిశ్చరైజర్ మాత్రమే ఉంచుకున్నాను. ఏది మంచిదో ఏది కాదో తెలియనప్పుడు రిస్క్ ఎందుకని. కానీ మొటిమలు తట్టుకోలేక నేనూ ఇదే ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను.

జవాబు (ఫార్మసిస్టు)

ముందు మీ నిద్ర సంగతి చూద్దాం.

రెటినాల్ విటమిన్ ఎ కుటుంబంలోది, ఈ కుటుంబంలోని వాటిని రెటినాయిడ్లు అంటారు. ఈ కుటుంబం మీద ఇంత భయం పుట్టడానికి కారణం ముఖానికి రాసుకునే సీరమ్‌లు కావు, మింగే మాత్రలు. తీవ్రమైన మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రకు అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. గర్భంతో ఉండగా అది మింగితే బిడ్డ గుండె, మెదడు, చెవులు, ముఖం ఏర్పడే దశలోనే తీవ్రమైన లోపాలు రావచ్చు. అందుకే ఆ మాత్ర వాడుతున్నంత కాలం, ఆపాక మరో నెల గర్భం రాకుండా చూసుకోమంటారు.

చర్మం మీద రాసింది రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. తెలియక మొదటి వారాల్లో రెటినాయిడ్ క్రీములు రాసుకున్నవారి మీద జరిగిన అధ్యయనాల్లో బిడ్డల్లో లోపాలు పెరిగినట్టు కనబడలేదు. మరి ఎందుకు ఆపమంటారంటే, పూర్తిగా ప్రమాదం లేదని తేల్చి చెప్పేంత ఆధారం కూడా లేదు. మొటిమల కోసం, ముడతల కోసం ఆ కొంచెం అనుమానాన్ని కూడా మోయనక్కర్లేదు. ఐరోపా ఔషధ సంస్థ 2018లో, రెటినాయిడ్ మందు క్రీములు కూడా గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వాడకూడదని చెప్పింది కూడా ఈ జాగ్రత్తతోనే. మీరు చేయాల్సింది ఆపడం, అది చేసేశారు. డాక్టర్ని కలిసినప్పుడు మాత్రం దాచకుండా చెప్పండి. మీరు వాడింది సీరమ్ కాకుండా మాత్ర అయి ఉంటే, పది రోజులు ఆగకండి, ఇప్పుడే ఫోన్ చేయండి అనేవాణ్ని.

ఇక ఆ లేబుల్ లేని డబ్బా. అన్నిటికన్నా నాకు భయంగా ఉన్నది అదే. దయచేసి మూత కూడా తీయకండి. మచ్చలు పోగొడతామని చేతికిచ్చే పేరులేని క్రీముల్లో సాధారణంగా మూడు బయటపడుతుంటాయి. ఒకటి పాదరసం. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది, మాయను దాటి బిడ్డను చేరుతుంది. వాడినవారి చేతుల నుంచి, తువ్వాళ్ల నుంచి ఇంట్లో మిగతావాళ్లకూ అంటుతుంది. రెండోది చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్. రాసుకున్నదాంట్లో మూడో వంతు పైనే ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి గర్భిణులకు వద్దంటారు. మూడోది క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్. వీటిని ఎక్కువ మొత్తంలో వాడిన తల్లులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టిన సందర్భాలున్నాయి. కొద్ది రోజుల్లోనే ముఖం తేటగా అయిపోయిందంటే సంతోషపడకుండా అనుమానించాల్సింది అందుకే.

లేబుల్ ఉన్నా ఒక గుర్తు చూసుకోండి. "బంగారం, వెండి, అల్యూమినియం, రబ్బరు తగలనివ్వకండి" అని రాసి ఉంటే అందులో పాదరసం ఉండొచ్చు. క్యాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్ అన్న పేర్లు కూడా పాదరసమే. మీరు ఇప్పటికే రాసుకుని ఉంటే డాక్టర్‌కి చెప్పి మూత్ర పరీక్ష చేయించుకోండి. డబ్బాని గట్టి కవర్లో మూసి విడిగా పెట్టండి, ఇంకెవరికీ ఇవ్వకండి.

మిగతావి తేలిక. విటమిన్ సి నిశ్చింతగా వాడండి. నియాసినమైడ్, హయలురానిక్ యాసిడ్, గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్నవీ అంతే. సాలిసిలిక్ ఫేస్‌వాష్ 2 శాతమే, పైగా కడిగేస్తారు కాబట్టి పర్వాలేదు. అదే యాసిడ్‌ని పార్లర్లో ఎక్కువ గాఢతతో పీల్ లాగా వేస్తామంటే మాత్రం వద్దు.

మొటిమలకు నన్నడిగితే ముందు అజెలాయిక్ యాసిడ్ పేరు చెబుతాను. ఒంట్లోకి వెళ్లేది చాలా కొద్ది, గర్భంలో వాడుకోదగినదిగా డాక్టర్లు నమ్మేది, పైగా గోధుమ రంగు మచ్చల మీదా పనిచేస్తుంది. మీ రెండు సమస్యలకూ ఒకే ట్యూబు సరిపోతుంది. మొదట్లో కాస్త చురుక్కుమంటుంది. రోజు విడిచి రోజు పలచగా రాసి అలవాటు చేసుకోండి. బెంజాయిల్ పెరాక్సైడ్ తక్కువ శాతంలో, మొటిమ ఉన్నచోట మాత్రమే రాసుకోవచ్చు, దిండు గలీబులకు తెల్ల మరకలు పడతాయి చూసుకోండి. మొటిమలు మరీ నొప్పి గడ్డల్లా ఉంటే డాక్టర్ క్లిండమైసిన్ జెల్ రాస్తారు. ఇంట్లో మిగిలిపోయిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలుంటే మాత్రం వేసుకోవద్దు, బిడ్డ పళ్ల రంగు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

మీ జవాబు రెండుసార్లు చదువుకున్నాను, చాలా తేలికైంది. డబ్బా నేనింకా వాడలేదు, కవర్లో కట్టేశాను. ఇప్పుడు నైట్ క్రీమ్ పెట్టె వెనక చూస్తే చివరి వరుసల్లో "రెటినైల్ పాల్మిటేట్" అని ఉంది. ముందు వైపేమో "సున్నితమైన చర్మానికి" అని పెద్దక్షరాల్లో ఉంది! సన్‌స్క్రీన్‌లో "ఆక్సీబెంజోన్" అని ఉంది. పడేయాలా?

జవాబు (ఫార్మసిస్టు)

వెనక్కి తిప్పి చూశారు కదా, ఇకపై ఏది కొన్నా అదే చేయండి. ముందు వైపు రాసేవి అమ్మకం కోసం. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది మొదట వస్తుంది, 1 శాతం కన్నా తక్కువ ఉన్నవి చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అంటే మీ క్రీమ్‌లో రెటినైల్ పాల్మిటేట్ కొద్దిగానే ఉండి ఉంటుంది. ఇన్నాళ్లూ రాసినందుకు భయపడొద్దు, కానీ ఇక ఆపేయండి. రెటినాల్, రెటినాల్డిహైడ్, ట్రెటినోయిన్, ఏదో ఒక రెటినోయేట్... "రెటిన్" అన్న ముక్క పేరులో ఎక్కడున్నా పక్కన పెట్టండి. ఆ ముక్క లేకుండా దాక్కునేవీ ఉన్నాయి: అడాపలీన్, టజారోటీన్ లాంటివి.

ఆక్సీబెంజోన్ చర్మం గుండా రక్తంలోకి వెళ్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019, 2020లో వెలువరించిన పరీక్షల్లో తేలింది. దానివల్ల బిడ్డకు హాని జరిగిందని తేలలేదు. కొత్తది కొనేటప్పుడు జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్నది, ఎస్‌పీఎఫ్ 30 పైన, తీసుకోండి. అది చేతికొచ్చే వరకూ మాత్రం ఉన్నదే రాసుకోండి. సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి వెళ్తే ఆ మచ్చలు ఇంకా ముదురుతాయి.

ఆ మచ్చల్ని మెలాస్మా అంటారు. గర్భంలో పెరిగే హార్మోన్లకు ఎండ తోడై వస్తాయి. మామూలు వెలుతురు కూడా వీటిని పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ దొరికితే ఇంకా మేలు. చాలామందికి కాన్పు తర్వాత కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. అప్పటివరకూ సన్‌స్క్రీన్, టోపీ, అజెలాయిక్ యాసిడ్. ఇంతకు మించి ఎవరేమి అమ్మజూపినా కొనకండి.

జవాబు (ఐదో నెల గర్భిణి)

పొట్ట మీద చారలు రాకుండా క్రీములు అమ్ముతున్నారు కదండీ, అవి వాడొచ్చా?

జవాబు (ఫార్మసిస్టు)

చారలను ఆపుతాయని నిరూపించిన క్రీమ్ లేదండీ. చర్మం సాగేటప్పుడు వచ్చే దురదకు మామూలు వాసన లేని మాయిశ్చరైజర్ చాలు.

మరో సభ్యురాలు

దురద మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నాకు ఎనిమిదో నెల. అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడుతున్నాయి, రాత్రయితే మరీనూ. దద్దురు మాత్రం ఏమీ లేదు. ఏ లోషన్ రాస్తే తగ్గుతుంది?

జవాబు (ఫార్మసిస్టు)

అమ్మా, లోషన్ సంగతి తర్వాత. మీ కాన్పు డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేయండి. దద్దురు లేకుండా అరచేతులు, అరికాళ్లలో, రాత్రిపూట పెరిగే దురద చర్మం పొడిబారినందువల్ల కాకపోవచ్చు. గర్భం చివరి నెలల్లో కొందరికి కాలేయం నుంచి పైత్యరసం సరిగ్గా కదలక, బైల్ యాసిడ్లు రక్తంలో పేరుకుంటాయి. కొలెస్టాసిస్ అంటారు. అవి బాగా పెరిగితే బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుకే బైల్ యాసిడ్లకు, కాలేయం పనితీరుకు రక్త పరీక్షలు చేస్తారు. ఫలితాన్ని బట్టి మందులా, కాన్పు కాస్త ముందుగా చేయాలా అన్నది వాళ్లు చెబుతారు. మూత్రం ముదురు రంగులో వస్తోందా, కళ్లు పచ్చబడ్డాయా అన్నది కూడా ఫోన్లో చెప్పండి.

మరో సభ్యురాలు

చేశానండీ. ఇప్పుడే రమ్మన్నారు, రక్తం తీసుకుంటారట. ఫలితం రేపు. ఈ రాత్రికి దురద ఎలా ఓర్చుకోను?

జవాబు (ఫార్మసిస్టు)

మంచి పని చేశారు. గోరువెచ్చని కన్నా చల్లని నీళ్లతో స్నానం చేయండి, వదులైన నూలు బట్టలు వేసుకోండి, గది చల్లగా ఉంచుకోండి. మెంథాల్ కలిపిన మాయిశ్చరైజర్‌ను ఫ్రిజ్‌లో పెట్టి రాసుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, డాక్టర్‌నడిగి తీసుకోండి. దురద మాత్రలు సొంతంగా వేసుకోకండి. రక్తం ఇచ్చేటప్పుడే ఫలితం కోసం ఎవరికి, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో రాసుకోండి. బిడ్డ కదలికలు రోజూ ఉండేవాటికన్నా తగ్గినట్టు అనిపిస్తే మాత్రం రేపటి వరకూ ఆగొద్దు, అర్ధరాత్రయినా సరే వెళ్లండి.