హెపటైటిస్ సి ఉందని మా ఆవిడకు ఎలా చెప్పాలి?

నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల చెరువుల మీద పని. పోయిన నెల హెర్నియా ఆపరేషన్‌కి ముందు రక్తం పరీక్షిస్తే హెపటైటిస్ సి (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) పాజిటివ్ వచ్చింది. నెల్లూరులో ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే వైరస్ ఇంకా ఒంట్లో ఉందని తేలింది. 12 వారాలు మాత్రలు వాడితే దాదాపు అందరికీ నయమవుతుందట, ఆ దిగులు లేదు.

టెన్షన్ అంతా మా ఆవిడ గురించే. ఇది ఎక్కువగా రక్తం ద్వారానే అంటుతుందని, భార్యాభర్తల మధ్య కలయిక వల్ల రావడం చాలా అరుదని డాక్టర్ చెప్పారు. అయినా ఆమెకూ ఒకసారి టెస్ట్ చేయించమన్నారు. చెప్పానంటే ఆమె మొదటి మాట "ఎక్కడ తిరిగొచ్చావు?" అనే. చిన్నప్పుడు మా ఊళ్లో ఒకే సూది ఉడకబెట్టి అందరికీ పొడిచేవాళ్లు. అక్కడే అంటిందేమో, కానీ రుజువేదీ?

ఇంకోటి, పెళ్లికి ముందు ఒకమ్మాయితో పరిచయం ఉండేది. ఇప్పుడు ఆమె అత్తగారిల్లు ఒంగోలు. ఫోన్ చేస్తే ఆమె కాపురంలో చిచ్చు పెట్టినట్టవుతుంది, ఊరుకుంటే మనసు ఒప్పడం లేదు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి. ఇంట్లో మీరే చెప్పారా, డాక్టర్ చేత చెప్పించారా? రేజరు, గోళ్ల కత్తెర మాత్రం ఇప్పటికే వేరు చేశాను. ఎందుకని మా ఆవిడ రోజూ అడుగుతోంది.