కష్టాలు మనుషులకు కాక మానులకొస్తాయా?

కందుకూరు కుర్రాడు:
గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. ఈమధ్య మా నాన్న పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగంమంది 'కష్టాలు మనుషులకు కాక మానులకొస్తాయా అబ్బాయ్' అనే అన్నారు. మొదటిసారి విన్నప్పుడు కొంచెం ఊరటగానే ఉంది గానీ వినగా వినగా చిరాకేసింది. ఇంతకీ ఈ మాటకి అర్థం ఏంది? ఇక్కడ మాను అంటే చెట్టేనా, లేక గాయం మానింది అంటామే, ఆ మానడమా?

నెల్లూరు అక్క:
నాన్నగారి సంగతి విని బాధేసింది తమ్ముడూ. ఇక్కడ మాను చెట్టే, పాత రూపం మ్రాను. గాయం మానడం వేరే మాట, దానికీ దీనికీ చుట్టరికం లేదు. మనుషులు, మానులు అని నోటికి పట్టేట్టు కుదిరింది కాబట్టి సామెత బతికింది, రాళ్లకొస్తాయా అని ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదేమో. తమాషా ఏంటంటే ఆ మ్రాను నుంచే మ్రాన్పడటం కూడా వచ్చింది. చావు కబురు విని కదలకుండా నిలబడిపోయినవాణ్ణి మ్రాన్పడిపోయాడు అంటాం కదా. మానుకి కష్టం రాదనేదీ మనమే, కష్టం వచ్చినవాడు మానైపోయాడనేదీ మనమే.

నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ సామెత తరచూ చెవిన పడుతుంటుంది. ఇందులో రెండు మాటలున్నాయి. నీ ఒక్కడికే రాలేదు అన్నది ఒకటి, అందరూ చెప్పేది అదే. మనిషివి కాబట్టే వచ్చింది అన్నది రెండోది, దాని దాకా ఎవరూ పోరు. అస్తిత్వవాద మానసిక చికిత్స అని ఒక పద్ధతి ఉంది, అది మొదలయ్యేది ఈ రెండో మాట దగ్గరే. అమెరికా డాక్టర్ ఇర్విన్ యాలమ్ 1980లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, బతుక్కి అర్థం కనపడకపోవడం, మనిషిని లోపల్నుంచి కుదిపేవి ఈ నాలుగూ అంటాడు. మన సామెత వీటిలో ఒంటరితనాన్ని మాత్రం తడుముతుంది, మిగతా మూడూ అట్నే ఉంటాయి.

కందుకూరు కుర్రాడు:
ఆ ఒంటరితనమన్నా పోయిందా అంటే నాకు అనుమానమే అక్కా. అందరికీ వచ్చేదేలే అన్నప్పుడల్లా, మా నాన్న అందరి నాన్నలాంటోడు కాదు కదా అనిపించేది.

నెల్లూరు అక్క:
బాగా పట్టుకున్నావు. యాలమ్ కూడా అదే అంటాడు. పక్కన మనిషి లేని ఒంటరితనం వేరు, ఎంతమంది ఉన్నా నా బతుకు నేనే బతకాలి, నా చావు నేనే చావాలి అనే ఒంటరితనం వేరు. రెండోది పలకరింపులతో పోయేది కాదు.

విక్టర్ ఫ్రాంకల్ సంగతి ఒకటి చెప్తాను. వియన్నా డాక్టర్. 1942లో నాజీలు ఆయన్నీ, భార్యనీ, తల్లిదండ్రుల్నీ నిర్బంధ క్యాంపుకి పట్టుకుపోయారు, 1945లో ఆయన బయటపడ్డాడు గానీ భార్య, తల్లి, తండ్రి, సోదరుడు మిగల్లేదు. మనిషికి అన్నిటికన్నా కావాల్సింది బతుకులో అర్థం అనే ఆలోచన ఆయనకి క్యాంపులో పుట్టిందనుకుంటారు చాలామంది, అంతకు ముందునుంచే ఉంది, క్యాంపు దాన్ని పరీక్షించింది. తర్వాత ఒక ముసలి డాక్టర్ ఆయన దగ్గరికొచ్చాడు. భార్య పోయి రెండేళ్లయినా ఆ దిగులు నుంచి తేరుకోలేకపోతున్నాడు. ఫ్రాంకల్ ఓదార్చలేదు, ఒకటే అడిగాడు, నువ్వే ముందు పోయుంటే ఆమె ఏమయ్యేది అని. అయ్యో, ఎంత అల్లాడేదో అన్నాడాయన. మరి ఆ అల్లాడటం ఆమెకి తప్పించింది నువ్వే కదా, దానికి ఖరీదుగా ఇప్పుడు నువ్వు బతికుండి ఏడవాల్సి వస్తోంది అన్నాడు ఫ్రాంకల్. ఆయన మారు మాట్లాడకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. దుఃఖం తగ్గలేదు, ఎందుకు మోస్తున్నాడో తెలిసింది, అంతే.

పొదిలి మాస్టారు:
మేడం, ఇదంతా చావు విషయంలో సరే. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లకి కూడా ఇదే సామెత చెప్పి పంపిస్తారు. నీళ్లు మార్చకుండా బాధలో అర్థం వెతుక్కోమంటే ఎట్టా?

నెల్లూరు అక్క:
మాస్టారూ, మీకన్నా గట్టిగా ఫ్రాంకలే అంటాడు ఆ మాట. తప్పించగలిగిన బాధకైతే ముందు దాని కారణాన్ని తీసెయ్యాలి, ఊరికే భరించడం వీరత్వం కాదంటాడు. తప్పించుకోవడానికి వీల్లేని బాధ దగ్గరే ఆయన చెప్పేది పనికొస్తుంది. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది 1937లో, అదీ మన నెల్లూరు జిల్లా గురించే. మీ పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని ప్రమాణాలే చెప్తున్నాయి. అక్కడ ఈ సామెత చెప్పడం అంటే పని ఎగ్గొట్టడమే. కాకపోతే ఎముకలు ఇప్పటికే వంగిపోయిన పెద్దాయన ఉంటాడు చూడండి, రేపు మంచి నీళ్లొచ్చినా ఆయన నడుం తిన్నగా కాదు. ఆ మిగిలిన బతుకు ఎట్టా బతకాలనేది ఆయన ముందున్న ప్రశ్న, దానికి జవాబు మీరూ నేనూ చెప్పలేం.

కందుకూరు కుర్రాడు:
అక్కా, ఆ ముసలి డాక్టర్ సంగతి చదివాక మనసు మా ఇంటి మీదికే పోయింది. అమ్మ ముందు పోయుంటే నాన్న నిజంగానే బతకలేకపోయేవాడు, ఆయనకి స్టవ్ వెలిగించడం కూడా రాదు. ఈ మాట అమ్మతో అనొచ్చా?

నెల్లూరు అక్క:
నువ్వుగా అనొద్దు. ఫ్రాంకల్ కూడా ముందు అడిగాడు, చెప్పడం తర్వాత. నువ్వే ముందు చెప్తే అది ఇంకో సామెత అవుతుంది. నాన్నగారి స్టవ్ కబుర్లు అమ్మతో మాట్లాడు, ఆమె నవ్వినా ఏడ్చినా ఆపొద్దు. తిండి, నిద్ర బాగా తగ్గిపోయి చావు మాటలు మాట్లాడుతుంటే మాత్రం ఇవేవీ పెట్టుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు.