పర్లాకిమిడి చుట్టూ కాలినడకన ఒక పెద్ద చుట్టు: ఒక్క రోజులో సాధ్యమా?

ప్రశ్న (కొత్త బాటసారి):
పర్లాకిమిడిని నడుమ ఉంచి, పొలాల మీదుగా, మెట్టల అంచున సాగి, బయలుదేరిన చోటికే చేరే నడకదారి ఒకటి ఏర్పరచుకోవాలని నేనూ ముగ్గురు మిత్రులూ అనుకుంటున్నాము. లండన్ నగరం లోపల చుట్టూ తిరిగే క్యాపిటల్ రింగ్ దారి సుమారు 126 కిలోమీటర్లని, దానిని విడతలుగా నడుస్తారని తెలిసిన నాటి నుంచి ఈ కోరిక పుట్టింది. పటంలో కొలిస్తే మాది 30 కిలోమీటర్లు వచ్చింది. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో పూర్తిచేసిన వాళ్లం కనుక, ఇదీ ఒక్క రోజులో ముగుస్తుందని మా అంచనా. పుష్యమాసంలో వెళ్లవచ్చునా?

సమాధానం (పాతపట్నం వాసి):
అయ్యా, గిరిప్రదక్షిణతో పోల్చకండి. అక్కడ కాలి కింద తారురోడ్డు, అడుగడుగునా మజ్జిగ పోసేవారు, ముందూ వెనుకా జనం. గట్ల మీద గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే అదే గొప్ప, అంటే మీకు నడకకే పది గంటలు కావాలి. పుష్యంలో పగలు పదకొండు గంటలే. రెండు రోజులుగా విడదీసి, మొదటి రోజు పాతపట్నంలో ఆపండి. అక్కడి స్టేషను తరువాతిదే పర్లాకిమిడి కనుక రైలెక్కి ఇంటికి చేరవచ్చు. 1900లో చిన్నరైలుగా మొదలైన నౌపడా మార్గమే అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. దగ్గరదారి అని పట్టాల వెంట మాత్రం నడవకండి.

నెల సరైనదే. అయితే కోసిన మడి ఖాళీగా కనిపించినా అడ్డంగా దిగవద్దు, ఎందుకంటే కోతకు ముందే చల్లిన మినుము, పెసర దుబ్బుల మధ్య మొలిచి ఉంటాయి. మహేంద్రతనయను వంతెన మీదనే దాటండి. 1501 మీటర్ల మహేంద్రగిరి మీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది.

సమాధానం (గెడ్డవతల):
కొండవైపు భాగం గురించి ఒక మాట. లఖారి లోయ నుంచి ఏనుగులు దిగుతూ ఉంటాయి కనుక, తెల్లవారకముందు ఆ వైపు అడుగుపెట్టకుండా, ముందు ఊరివారిని అడిగి కదలండి. సవర పల్లెలలో రెండు మాటలు వారి భాషలో పలికితే దారి చూపేవారికి కొదవ ఉండదు; ఈ పట్టణంలోనే పంతులుగా ఉండి ఆ భాష నేర్చిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లం, ఆపాటి శ్రమ పడవద్దా?

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు రోజులుగానే నడుస్తాము. కొండవైపు భాగాన్ని రెండవ రోజుకు, ఎండ బాగా ఎక్కిన తరువాతి వేళకు మార్చాము.