ఆయాను వెదికే తెరపై "సరిపోలిక శాతం" ఉండాలా, వద్దా?

రూపకర్త (రాజమహేంద్రవరం):
పిల్లలను చూసుకునే మనిషి కావలసిన కుటుంబాలకూ, ఆ పని చేయగల మహిళలకూ పరిచయం కుదిర్చే ఒక వెబ్‌సైటు డెస్క్‌టాప్ రూపాన్ని కొత్తగా తీర్చిదిద్దుతున్నాము. ఇప్పటి తెరపై ప్రతి ఆయా ఫొటో, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పక్కనే పెద్ద అక్షరాలతో "92 శాతం సరిపోలిక" వంటి అంకె కనిపిస్తున్నాయి. ఆ అంకెను తీసివేసి, ఎడమవైపు వడపోతలు, మధ్యలో జాబితా, కుడివైపు ముగ్గురిని పక్కపక్కన పోల్చుకునే పట్టిక ఉంచాలన్నది నా ప్రతిపాదన. ఫోనులో ఇది ఇమడదు. మా బృందంలో సగం మంది శాతం ఉండాలనే పట్టుబడుతున్నారు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా తెలుపగలరు.

ఉద్యోగిని (భీమవరం):
శాతం ఉండాలి. 26 వారాల ప్రసూతి సెలవు ముగియబోతున్న తల్లి కార్యాలయపు కంప్యూటరు ముందు భోజన విరామంలో వెదుకుతుంది. పట్టికలు చదివే తీరిక ఆమెకు ఉండదు. చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే చోటనే శిశు సంరక్షణాలయం తప్పనిసరి కాబట్టి, మావంటి చిన్న కార్యాలయాల వారికి ఇంటికి వచ్చే మనిషే దిక్కు. ఎవరితో మొదట మాట్లాడాలో చెప్పని తెర నాకెందుకండి?

రేవు దాటేవాడు (సఖినేటిపల్లి):
ఆ శాతంలో దూరానికి ఎంత బరువు ఇచ్చారో, ఆ దూరాన్ని ఎలా కొలిచారో చెప్పండి. పటం మీద గీత గీస్తే నరసాపురం మాకు ఎదురుగానే ఉంటుంది, కానీ మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ ఉంది. రేవు దాటించే పంటు (పెద్ద పడవ) నడిచినన్నాళ్లు సరే. వరద పెరిగి పంటు ఆపివేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి పాయ దగ్గరా ఇదే వరస. ఉదయం ఏడింటికి రావలసిన ఆయాకు మీ యంత్రం "చాలా దగ్గర" అని మార్కులు వేస్తే, శ్రావణంలో ఆ కుటుంబం గతేమిటి?

ఉద్యోగిని (భీమవరం):
లెక్క తప్పయితే లెక్కను సరిదిద్దాలి గాని అంకెనే తీసివేయడం ఏమి న్యాయం?

సమన్వయకర్త (పాలకొల్లు):
ఇటువంటి సేవలోనే పనిచేస్తున్నాను. డెస్క్‌టాప్ ముందు ఎక్కువసేపు కూర్చునేది మేమేనని రూపకర్తగారు గుర్తించాలి; చాలా కుటుంబాలు మాకు ఫోను చేస్తాయి, మేము తెర చూసి చెబుతాము. ఆ ఫోనులో వచ్చే మొదటి ప్రశ్న తరచుగా "ఇంటిపేరేమిటండీ?" అనే. మన వైపు ఇంటిపేరు, ఊరు కలిపి చెబితే కులం ఊహించడానికి ఎంతో సేపు పట్టదు. గతంలో కుటుంబాలు ఎవరిని ఎంచుకున్నాయో చూసి శాతం కట్టే పద్ధతి అయితే, ఆ పక్షపాతం అంకెలోకి చేరి గణితంలా కనిపిస్తుంది. తనకు శాతం ఎందుకు తగ్గిందో ఆ ఆయాకు ఎవరూ చెప్పలేరు.

ఇంకొక సంగతి. కువైట్ ఇళ్లలో ఏళ్ల తరబడి పసిపిల్లలను పెంచి తిరిగివచ్చిన స్త్రీలు మా జాబితాలో ఉన్నారు. చేతిలో యజమాని ఇచ్చిన కాగితం ఉండదు గనుక "అనుభవ ధ్రువపత్రం" గడి ఖాళీ, శాతం అట్టడుగు. పట్టిక అయితే ఆ గడి పక్కన ఆమె చెప్పిన మాట ఒక్క వాక్యంలో రాయవచ్చు.

తాతగారు (అమలాపురం):
పోలీసు ధ్రువీకరణ కూడా ఆ శాతంలో కలిపారా? అది మార్కులు వేసే విషయం కాదు. ఉంటే జాబితాలో ఉండాలి, లేకపోతే ఉండకూడదు. వంట బాగా వచ్చు గనుక ధ్రువీకరణ లేని లోటు పూడిపోయిందని చెప్పే లెక్కను నేను నమ్మను.

రూపకర్త (రాజమహేంద్రవరం):
పోలీసు ధ్రువీకరణ, దూరం రెండూ ఇప్పటి శాతంలో కలిసే ఉన్నాయి. తాతగారి మాటతో మొదటిది ప్రవేశ నియమంగా మారుతుంది. రాకపోకల దారిని, వరద రోజుల్లో వీలును ఆయాయే స్వయంగా నింపుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతున్నది కదా. బిడ్డ పేరు దాచే మనము ఆయా ఇంటిపేరును ఊరంతటికీ చూపనవసరం లేదు. ఇరువురూ మాట్లాడుకోవడానికి ఒప్పుకున్నాకే అది కనిపిస్తుంది. ఆయాకూ ఇదే పట్టిక ఇస్తాము: పిల్లలెందరు, వంటపని కూడా ఉందా, జీతమెంత, సంక్రాంతికి సెలవు ఉందా. ఉద్యోగినిగారి తొందర కూడా నిజమే కనుక, కుటుంబం అడిగిన షరతుల్లో ఏవి కుదిరాయో, ఏవి కుదరలేదో ప్రతి పేరు పక్కన గుర్తులతో చూపుతాము.

ఉద్యోగిని (భీమవరం):
ఏ షరతు ముందో నేనే నిర్ణయించి వరుస మార్చుకోగలిగితే శాతం లేకపోయినా సర్దుకుంటాను. ఫొటో తీసివేస్తే మాత్రం ఒప్పుకోను. బిడ్డను అప్పగించబోయే మనిషి ముఖం ముందుగా చూడాలనడం పక్షపాతం కాదు.

సమన్వయకర్త (పాలకొల్లు):
చూడండి, కానీ జాబితాలో కాదు. ముగ్గురిని ఎంచుకుని పట్టికలో పెట్టాక, ఆయా అనుమతిస్తే అక్కడ కనిపించనివ్వండి.

ఉద్యోగిని (భీమవరం):
అనుమతి ఇవ్వని ఆయాను నేను వదిలేస్తాను. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.